చెవులు మూసిన చేతులు

పోయిన వారం మనం రఘుపతి ఇంటి గడప దగ్గర ఆగిపోయాం. పొద్దు గూకే వేళకు గోదావరి నుంచి తండ్రీకొడుకులు ఛాతీ దాకా తడిసి, వట్టి కాళ్ళతో ఇల్లు చేరారు. "శివ కాలు జారింది, పట్టుకోబోయి నేను గూడ పడ్డ" అన్నాడు రఘుపతి. భార్య సంతోషి అంతకుమించి అడగలేదు. అడిగే ఓపిక ఆమెకు లేదు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఎముకల దాకా పాకిందని, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని హైదరాబాదు దవాఖానలో చెప్పి పంపించాక, మంచం మీద నుంచి లేచి మంచినీళ్ళు తాగడమే ఆమెకు పెద్ద పని అయిపోయింది. తెల్లారి రఘుపతి మళ్ళీ గోదావరికి వెళ్ళి రెండు జతల చెప్పులూ తెచ్చి గడప పక్కన పెట్టాడు. ఇంట్లో ఎవరూ వాటి వంక చూడలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో మధ్యాహ్నం. క్వార్టరు ముందుగదిలో సంతోషి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద స్టీలు గ్లాసు, ఆ గ్లాసుకు ఆనించి మైత్రి ఫోను. మైత్రి జ్యోతినగర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. ఆమె భర్త కరెంటు ప్లాంటులో ఇంజనీరు. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. వాళ్ళ పాపకు ఆటిజమని తెలిసిన రోజుల్లో మైత్రి బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి ఏడ్చేదట. అప్పుడెవరో వాట్సాప్‌లో పంపిన ఒక గొంతు ఆమెను నిలబెట్టింది. ఆ గొంతే సంతోషిది.

ఈ బొగ్గు బావుల చుట్టుపక్కల ఆ గొంతు చేరని ఇల్లు తక్కువ. తన కొడుకు శివకు ఆటిజం అని డాక్టరు చెప్పిన రోజున, బస్తీలో ఆ పేరు విన్నవాళ్ళే లేరు. గాలి సోకిందన్నారు, గ్రహణంలో పుట్టాడన్నారు, మొక్కుబడి బాకీ ఉందన్నారు. సంతోషి తిట్టుకుంటూ, పడుతూ లేస్తూ తానే నేర్చుకుంది. తర్వాత దవాఖాన బెంచీ మీద ఏడుస్తున్న ఒక తల్లికి నాలుగు మాటలు చెప్పింది. ఆ నాలుగు మాటలూ కమ్యూనిటీ హాలుకెక్కాయి, మైకుకెక్కాయి, ఫోన్లకెక్కాయి. కమాన్‌పూర్ నుంచి జైపూర్ దాకా ఇట్లాంటి పిల్లలున్న ప్రతి తల్లి దగ్గరా 'సంతోషక్క మాటలు' ఉన్నాయి. ఆ మాటలన్నీ పోగుచేసి పుస్తకం వేయాలని, గొంతు కూడా దాచిపెట్టాలని మైత్రి ఆరాటం. సంతోషి ఆరాటం కూడా అదే. పోయేదాన్ని ఎట్లాగూ పోతాను, నా మాటలన్నా పదిమంది తల్లులకు మిగులుతాయి కదా అని ఆమె ఆశ. నిజానికి ఆమెకు మిగిలిన ఆశ అదొక్కటే.

"మొదలుపెడదామా అక్కా? నొప్పిగా ఉంటే రేపు చేద్దాం" అంది మైత్రి.

"రేపు నాకున్నదో లేదో. ఇయ్యాల్నే కానియ్యి చెల్లె."

ఫోనులో ఎర్ర చుక్క వెలిగింది. ఆ చుక్కను చూడగానే సంతోషి గొంతులోకి ఎక్కడి నుంచో బలం వచ్చింది. మైకు ముందు నిలబడి అలవాటైన మనిషి మరి.

"అమ్మలారా, మీ పిల్లగానికి మాటలు వస్తలెవ్వని ఫికర్ చెయ్యకుండ్రి. మాట బయటికి రాకుంటే లోపల లేదని కాదు. మనం అనేటియన్నీ వాడు లోపల జమ చేసుకుంటనే ఉంటడు. అందుకే వాని ముంగట మంచి మాటలే మాట్లాడుండ్రి. ఎప్పుడో ఒకనాడు అవే మాటలు మీకు తిరిగి ఇస్తడు."

మైత్రి కళ్ళు తుడుచుకుంది. ఈ మాట దగ్గర ఎవరైనా కళ్ళు తుడుచుకోవాల్సిందే. అయితే ఇక్కడ మనం ఒక నిజం చెప్పుకోవాలి. ఆ మాటను సంతోషి ఎప్పుడూ నమ్మలేదు. ఏడ్చే తల్లికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పింది, చెప్పగా చెప్పగా అది బాగా కుదిరింది. శివకు మీసాలొచ్చాయి, తండ్రి కన్నా పొడుగయ్యాడు, ఇప్పటికీ వాడికున్న మాటలు బువ్వ, నీళ్ళు, సైరన్. ఈ మధ్య తల్లి మంచం పట్టాక గోడ వైపు తిరిగి తనలో తాను ఏదో గొణుగుతున్నాడు కానీ అది మాటో సణుగుడో పోల్చుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు కూడా బీరువాకూ గోడకూ మధ్య ఇరుకులో కూర్చుని అదే పని మీద ఉన్నాడు.

సంతోషి నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది.

"మన దిక్కు ఇంకో కష్టమున్నది. ఓపెన్‌కాస్టుల బొగ్గు కోసం బాంబులు పేలిస్తరు. సైరన్ మోగంగనే మన పిల్లలు ఆగమైతరు. నా శివ నెత్తి గోడకు కొట్టుకునేటోడు. అప్పుడు నేనేం చేసిన్నంటే, సైరన్ మోగంగనే వాన్ని దగ్గర కూసోబెట్టుకొని, రెండు చెవులు చేతులతోని గట్టిగ మూసి, గుండెకు ఆనించుకొని పాట పాడేదాన్ని. పేలుడు అయిపోయేదాక పాడేదాన్ని. మీరు గూడ పాడుండ్రి."

ఈ ఉపాయం పుణ్యమా అని ఇవాళ ఈ గనుల చుట్టుపక్కల ఎందరో తల్లులు పేలుడు వేళకు పనులు ఆపుకుని పిల్లల చెవులు మూసి పాడుతున్నారు. సంతోషి కూడా పాడింది, మొదట్లో. తర్వాత ఒక రోజు పాట రాలేదు. పాటకు బదులు ఇంకేవో మాటలొచ్చాయి. క్వార్టర్ల గోడలు పల్చన. ఇటు తుమ్మితే అటు వినపడుతుంది. అందరికీ ధైర్యం చెప్పే సంతోషక్క తన ఇంట్లో ఏడిస్తే పరువేముంటుంది? ఆ పేలుడు ఒక్కటే ఆమెకు దొరికిన చాటు. కొడుకు చెవులు తన అరచేతుల కింద మూసి ఉన్నాయి, బయట భూమి దద్దరిల్లుతోంది, వినేవాళ్ళు లేరు. ఆ కాసేపట్లో ఆమె తన కడుపులో ఉన్నదంతా కక్కేసుకునేది. సైరన్ మళ్ళీ మోగి అంతా సద్దుమణిగాక ముఖం కడుక్కుని వంటకు లేచేది. మంచం పట్టేదాకా రోజూ అదే వరస.

"ఇంకా ఒక్కటే మిగిలింది అక్కా" అంది మైత్రి నెమ్మదిగా. "అందరూ అడిగేది అదే. అమ్మ తర్వాత ఎవరు అని."

సంతోషి నవ్వింది. "దానికేమున్నది చెల్లె. నాకు జవాబున్నది."

సరిగ్గా అప్పుడే ఆగయ్య గుమ్మంలోకి వచ్చాడు. వెనక రఘుపతి. ఆగయ్య రఘుపతికి చిన్నాయన, బావిలో బొగ్గు తవ్విన ఒకప్పటి కోల్‌కట్టర్. బస్తీలో నాలుగిళ్ళ పంచాయితీ తెగ్గొట్టేది ఆయనే. గోడకు ఆనుకుని కూర్చుని తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. రఘుపతి మాత్రం లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే చెప్పుల పక్కన నిలబడిపోయాడు. గోదావరి నుంచి తడిసి వచ్చిన రోజు నుంచీ అతను ఎవరి ముఖమూ చూసి మాట్లాడటం లేదు.

"కోడలా, ఎట్లున్నది పాణం?"

"గిట్లున్నది మామా."

"సరే. నేను తిప్పి మాట్లాడ. రఘుపతి అన్‌ఫిట్ అయిండని, బొగ్గుబాయి పని ఇగ చెయ్యరాదని డాక్టర్ల బోర్డు తేల్చింది. వాని నౌకరి కొడుక్కు రావాలె, గని శివను డాక్టర్లు పాస్ చెయ్యరు. నీ బిడ్డ హర్షిణి ఉన్నది. ఇప్పుడు ఆడపిల్లలకు గూడ ఇస్తున్నరు. పోరి సంతకం పెడితే రేపో ఎల్లుండో అయితది. గని మన పద్ధతి మనకున్నది. నౌకరి ఎవలు తింటే ఆ ఇంటి బరువు వాళ్ళదే. నీ కండ్లు తెరిచి ఉన్నప్పుడే, శివ చెయ్యి పోరి చేతుల పెట్టి మాట తీసుకుందామని వచ్చిన."

మైత్రి ఇబ్బందిగా ఫోను వైపు చెయ్యి చాచింది. "నేను ఆపేస్తాను బాబాయి గారూ, మీరు మీరు మాట్లాడుకోండి."

"ఎందుకు బిడ్డా? ఉండనియ్యి. మాట ఆ ఫోనుల గూడ ఎక్కనియ్యి. రేపు ఎవలూ కాదనకుంట ఉంటది."

సంతోషికి ఆ మాట బాగా నచ్చింది. పుస్తకానికి ఇంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది? "హర్షిణీ, ఇటు రా బిడ్డా" అని పిలిచింది.

హర్షిణి వంటింట్లోంచి చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డిగ్రీ అయిపోయిన పిల్ల. తల్లి మంచం పట్టిన దగ్గర నుంచి ఇంటి చాకిరీ అంతా ఆమెదే. తమ్ముడికి స్నానం దగ్గర నుంచి తల్లికి మందుల దాకా. మంచం పక్కకు రాలేదు. వంటింటి గుమ్మంలోనే ఆగింది.

"నేను చెయ్య తాతా" అంది.

"ఏంది చెయ్యవు? నౌకరా, తమ్మున్ని చూసుడా?"

"రెండూ."

గదిలో శివ గొణుగుడు ఒక్కటే వినిపిస్తోంది.

"బిడ్డా, పరాయి మనుషులున్నరు. తర్వాత మాట్లాడుకుందాం" అంది సంతోషి.

"పరాయి మనుషులు ఉన్నప్పుడే చెప్పాలె అమ్మా. నువ్వు నా గురించి ఎప్పుడు చెప్పినా పరాయి మనుషుల ముంగటనే చెప్పినవ్." హర్షిణి గొంతు పెంచలేదు. ఎన్నాళ్ళుగానో లోపల చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా వస్తున్నాయి. "దేవుడు శివను ఇయ్యకముందే వానికి ఇంకో అమ్మను ఇచ్చిండు అంటవ్. అందరు చప్పట్లు కొడతరు. నన్ను లేపి నిలబెడతవ్. ఫస్టుసారి నిలబెట్టినప్పుడు నేను ఇంకా లంగా జాకెట్ ఏసుకున్న పోరిని. దాని మతలబు ఏందో గూడ తెల్వదు నాకు. చప్పట్లు కొడుతుండ్రని నవ్విన. ఒక్కనాడన్న నన్ను అడిగినవా?"

"అడగాల్నా? శివ అంటే నువ్వు పాణం ఇస్తవ్ గదనే!"

"ఇస్త. గని పాణం ఒక్కసారే ఇస్తరు గదమ్మా. నువ్వు దినాం ఇయ్యమంటున్నవ్."

"ఓ పోరీ, తల్లి ఎసొంటి పరిస్థితిల ఉన్నదో చూస్తలేవా?" ఆగయ్య కసిరాడు.

"చూస్తున్న తాతా. చూసేది నేనే గదా." హర్షిణి బీరువా వైపు తిరిగింది. "వాడు నాకంటె పొడుగున్నడు. వానికి గడ్డం గీస్త, లోపలి బట్టలు పిండుత. మొన్న బజార్ల చొక్కా, ప్యాంటు అన్ని ఇప్పేసుకున్నడు. నేను నా చున్నీ తీసి కప్పిన. సుట్టూ నిలవడ్డోళ్ళు ఫోన్లు తీసి పట్టిండ్రు. అమ్మకు సిగ్గు ఉండదంటవ్, నీకు లేదు. నాకున్నది. నేను వాని అక్కను. అక్కగనే బతకాలని ఉన్నది నాకు." ఫోను వైపు చెయ్యి చూపించింది. "అమ్మ తర్వాత ఎవరు అంటే హర్షిణి అని రాస్తరు గదా పుస్తకంల. మరి నా తర్వాత ఎవలు? అది గూడ చెప్పు. ఆ తల్లులందరు వింటరు, చెప్పు."

సంతోషి నోరు తెరిచింది. ఇన్నేళ్ళలో మైకు ముందు ఆమెకు మాట తడుముకోవాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు లోపల ఎంత వెతికినా ఒక్క మాట కూడా దొరకలేదు. కూతురి మీద కోపం రావాలి, రాలేదు. ఈ పిల్ల చెప్పేది అబద్ధమని అనిపిస్తే బాగుండేది, అదీ అనిపించలేదు. తను కట్టుకున్న మాటల మేడ అంతా ఒక చిన్నపిల్లను అడగకుండా ఆ పిల్ల నెత్తి మీద కట్టిందే కదా అనిపించి, మొట్టమొదటిసారి ఆమెకు తన గొంతంటే రోత పుట్టింది.

"పోరిని ఏం అనకుండ్రి." గుమ్మం దగ్గర నుంచి రఘుపతి అన్నాడు. నేల వైపే చూస్తున్నాడు. "శివ సంగతి నేను చూసుకుంట. ఏదో ఒకటి చేస్త."

"నువ్వేం చూస్తవ్‌రా, నాలుగు అడుగులేస్తే ఆయాసపడేటోనివి" అని ఆగయ్య అంటుండగానే ఓపెన్‌కాస్టు వైపు నుంచి సైరన్ మోగింది.

శివ గొణుగుడు ఆగిపోయింది.

సంతోషి చేతులు అలవాటు కొద్దీ లేచాయి. నడుములో పొడిచినట్టు నొప్పి వచ్చి దిండు మీదకి వాలిపోయింది. "హర్షిణీ, తమ్ముని చెవులు!" అంది. హర్షిణి కదిలేలోపే శివ బీరువా పక్క నుంచి లేచాడు. తల గోడకు కొట్టుకోలేదు. అరవలేదు. తిన్నగా మంచం దగ్గరికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులు తన చెవుల మీదికి వస్తాయని కాసేపు చూశాడు. అవి రాలేదు. అప్పుడు తన పెద్ద పెద్ద అరచేతులతో తల్లి రెండు చెవులూ మూసి, ఆమె తలను తన గుండెకు ఆనించుకుని, మాట్లాడటం మొదలుపెట్టాడు.

"దేవుడా, నేను పోకముందే వీన్ని తీస్కపో."

ఆ గొంతు మగపిల్లాడిదే. కానీ తీరు సంతోషిది. ఎక్కడ ముక్కు ఎగబీల్చాలో అక్కడ ఎగబీల్చాడు. ఎక్కడ ఊపిరి తెగాలో అక్కడ తెగింది.

"నీకు దండం పెడత, వీన్ని తీస్కపో. జెరమో, పామో, ఏదో ఒకటి పంపియ్యి. నా చేతులతోని సాగనంపి నేనొస్త. ఎవ్వలకు ఒప్పజెప్పాలె వీన్ని? ఏ పాపం చేసిన్నో గిసొంటోన్ని కన్న. తీస్కపో దేవుడా, తీస్కపో."

భూమి అదిరింది. గూట్లో స్టీలు గిన్నెలు గలగలలాడాయి, గోడ పగులులోంచి సున్నం రాలి మంచం మీద పడింది. ఆ చప్పుడులో కూడా శివ ఆపలేదు. 'తీస్కపో' అంటూనే ఉన్నాడు, తల్లి తలను గుండెకు ఇంకా గట్టిగా అదుముకుంటూ. అరచేతులు ఎంత గట్టిగా మూసినా మాట లోపలికి వస్తుందని సంతోషికి అప్పుడు తెలిసింది. ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. అంటే వాడికీ ఇట్లాగే వినపడి ఉంటుంది. ఇన్నేళ్ళూ, రోజూ, ఒక్కటీ వదలకుండా.

పేలుడు సద్దుమణిగి రెండో సైరన్ మోగింది. శివ చేతులు తీసేశాడు. పని పూర్తయిన మనిషిలా తృప్తిగా ఉంది వాడి ముఖం. అదేమిటో వాడికి తెలిసి అన్నాడో తెలియక అన్నాడో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. బహుశా వాడికి అది పాటే. అమ్మ పేలుడప్పుడు పాడే పాట.

'ఎప్పుడో ఒకనాడు అవే మాటలు మీకు తిరిగి ఇస్తడు.' ఇంతకు ముందే, ఇదే మంచం మీద, ఇదే ఫోను ముందు చెప్పింది. తన మాటల్లో తాను నమ్మనిది అదొక్కటే. నిజమైంది కూడా అదొక్కటే. తను పోయాక కూడా రోజూ సైరన్ మోగుతుంది. రోజూ వాడి నోట్లోంచి తన గొంతు ఇదే అంటుంది. పుస్తకాలు ఎన్ని వేస్తే ఏం లాభం? సంతోషి ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గోడలు పల్చనని ఇప్పుడు ఆమెకు గుర్తు రాలేదు.

హర్షిణి గుమ్మంలోనే కూలబడింది. ఆగయ్య తువ్వాలను ముఖం మీదికి లాక్కున్నాడు.

మైత్రి మాత్రం లేచి వచ్చి సంతోషి కాళ్ళ దగ్గర కూర్చుంది. "నేనూ అంటానక్కా" అంది, ఎటో చూస్తూ. "మిక్సీ వేసి అంటాను. మా ఆయనకు వినపడకూడదని. పాప పక్కనే ఆడుకుంటూ ఉంటుంది." కాసేపటికి ఫోను వైపు చూసింది. ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. "ఇదంతా ఎక్కింది. తీసెయ్యమంటారా? ఉంచమంటారా?"

అప్పుడే శివ లేచి నిలబడ్డాడు.

వాడి చూపు గుమ్మం దగ్గరున్న తండ్రి మీద పడింది. నాలుగు అంగల్లో అక్కడికి చేరి రఘుపతి మణికట్టు పట్టుకున్నాడు. తల్లి మాటలతో పాటు చెవులు మూయడం ఎట్లా వచ్చిందో, తండ్రి మాటలతో పాటు మణికట్టు పట్టుకోవడం వాడికి అట్లాగే వచ్చినట్టుంది. రఘుపతి ముఖంలో రక్తం ఇంకిపోయింది. బొగ్గు బావిలో పైకప్పు కూలినప్పుడు కూడా బెదరలేదని పేరున్న మనిషి, కన్నకొడుకు చేతిలోంచి చెయ్యి విడిపించుకోవాలని గుంజుకున్నాడు.

"వద్దు శివా. వద్దు బిడ్డా. ఊకో."

శివ వదల్లేదు. ఈసారి తల్లి తీరు కాదు. బొంగురుగా, ఆయాసపడుతూ, అచ్చం రఘుపతి లాగే, తండ్రి చెయ్యి పట్టుకుని ముందుకు లాగుతూ అన్నాడు.

"భయపడకు బిడ్డా. నేను గూడ వస్తున్న గదా. కండ్లు మూసుకో. ఇంకో రెండు అడుగులు ఏస్తే అయిపోతది. అమ్మకు ఫికర్ ఉండది, అక్కకు ఫికర్ ఉండది."

సంతోషి ఏడుపు ఆగిపోయింది. ముఖం మీద నుంచి చేతులు తీసి మొగుడి వైపు చూసింది. తర్వాత ఆమె కళ్ళు అతని కాళ్ళ దగ్గరికి, గడప పక్కన వారం రోజులుగా పక్కపక్కనే ఉన్న ఆ రెండు జతల చెప్పుల మీదికి దిగాయి. వాటికి దుమ్ము ఉంది. ఎక్కడా నీటి మరక లేదు, గోదావరి ఒండ్రు లేదు. కాలు జారి పడ్డ మనుషులు చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి పడరు.

"రఘుపతీ" అంది సంతోషి. పెళ్ళయినప్పటి నుంచి ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.